పాట లేని ప్రేమ పాట: హాలీవుడ్ లవ్ థీమ్‌లు వినడం ఎలా?

మన సినిమాలో ఇద్దరు ప్రేమలో పడ్డారంటే పాట పడుతుంది. పాట వచ్చాక గొంతు ఉంది, మాటలున్నాయి, స్టెప్పులున్నాయి, మంచు కొండలున్నాయి, ఇక వెనకాల వయొలిన్లు ఏం చేస్తున్నాయో పట్టించుకునే అవసరం మనకి పెద్దగా రాలేదు. హాలీవుడ్‌లో అలా కాదు. మ్యూజికల్స్ సంగతి పక్కన పెడితే అక్కడ హీరో పాడడు. పాడకుండా, ఒక్కోసారి 'నువ్వంటే ఇష్టం' అని కూడా నోరు విప్పకుండా, వాళ్ల మధ్య ఏం జరుగుతోందో చెప్పే బరువంతా ఆర్కెస్ట్రా మీద పడింది. లవ్ థీమ్ అంటే అదే, పాడేవాళ్లు లేని డ్యూయెట్.

నేను వీటిలోకి చాలా తప్పుడు దారిలో వచ్చాను. 'వంద గొప్ప ప్రేమ థీమ్‌లు' అనే ప్లేలిస్ట్ ఒకటి పెట్టుకుని రాత్రి పడుకున్నాను, ఏడో ట్రాక్‌కే నిద్ర పట్టేసింది. మర్నాడు ఏ ట్రాక్ ఏదో ఒక్కటీ గుర్తు లేదు, అన్నీ ఒకే పెద్ద తియ్యటి ముద్దలా అనిపించాయి. మీకూ అలాగే అయి 'ఇవన్నీ ఒకటేలే' అని వదిలేసి ఉంటే, కింద చెప్పిన వరసలో ఒకసారి చేసి చూడండి. సంగీతం రాకపోయినా పర్లేదు. స, ప అంటే ఏమిటో లీలగా తెలిస్తే చాలు, అదీ తెలియకపోతే చెవులు చాలు.

ముందు సామాను సంగతి. ఈ సంగీతంలో మెల్లగా వినిపించే చోటికీ గట్టిగా వినిపించే చోటికీ తేడా చాలా ఎక్కువ. మన సినిమా పాట మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే జోరులో ఉంటుంది కాబట్టి బస్సులో, బైక్ మీద, మిక్సీ పక్కన ఎక్కడైనా వినొచ్చు. దీన్ని మాత్రం బస్సులో పెడితే సగం వినపడదు, వినపడట్లేదని వాల్యూమ్ పెంచుతారు, ఒక్కసారిగా ట్రంపెట్లు వచ్చి చెవి మీద కొడతాయి. అందుకని రాత్రి పది తరవాత, ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేనప్పుడు, వైరున్న మామూలు హెడ్‌ఫోన్స్‌తో వినండి. వేలు పోసి కొనాల్సిన పని లేదు. యాప్‌లో వాల్యూమ్‌ని సమం చేసే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఆటోప్లే కూడా ఆపేయండి, ఎందుకంటే మనం ఒక్కో రాత్రి ఒక్కటే వింటాం.

అవును, ఒక్కటే. దాన్నే మూడు నాలుగు సార్లు.

మొదటి రాత్రి 'డాక్టర్ జివాగో' (1965) లోని లారా థీమ్‌తో మొదలుపెట్టండి. దీన్ని వెక్కిరించే వాళ్లు చాలామంది ఉన్నారు, మరీ తియ్యగా ఉందని, సినిమాలో మరీ ఎక్కువసార్లు వస్తుందని. నిజమే, వస్తుంది. కానీ ట్యూన్ ఒక్కసారికే నోటికి వచ్చేస్తుంది, మనకి కావలసింది అదే. రాసినవాడు మారిస్ జార్, ఫ్రెంచివాడు. డైరెక్టర్ డేవిడ్ లీన్‌కి ఆయన వినిపించిన ట్యూన్లు ఒక పట్టాన నచ్చలేదట. చివరికి లీన్ 'రష్యా సంగతి మర్చిపో, జివాగోని మర్చిపో, నీ అమ్మాయిని తీసుకుని కొండల్లోకి వెళ్లి ఆమె కోసం ఒక ట్యూన్ రాయి' అన్నాడని జార్ తరవాత చెప్పుకున్నాడు. అలా వచ్చిన ట్యూన్‌ని బలలైకా మీద వాయించాలి. బలలైకా అంటే మూడు తీగలు, త్రికోణం డొక్క ఉన్న రష్యన్ వాయిద్యం. లాస్ ఏంజిల్స్‌లో అది వాయించే వాళ్లు ఎక్కడ దొరుకుతారు? అక్కడి రష్యన్ చర్చిలో దొరికారు, కానీ వాళ్లకి నొటేషన్ చదవడం రాదు. ట్యూన్ ముక్కని చెవితో విని బట్టీ పట్టించారు. ఆ సినిమా సంగీతానికి జార్‌కి ఆస్కార్ వచ్చింది.

ఇప్పుడు మీ పని. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి వేళ్లతో ఒకటి-రెండు-మూడు, ఒకటి-రెండు-మూడు అని లెక్క పెట్టండి, ఇది వాల్ట్జ్, మన తిశ్రం లాంటి నడక. మూడోసారి చేయాల్సింది అసలు సంగతి. ట్యూన్ మధ్యలో ఎక్కడైనా సరే పాజ్ నొక్కండి, నొక్కి మిగతాది మీరే పాడుకోండి. సులభంగా పూర్తి చేసేస్తారు. ట్యూన్ ఎటు వెళ్లి ఎక్కడ కూర్చుంటుందో మీకు ముందే తెలిసిపోతూ ఉంటుంది, ఊరికెళ్లే దారిలా. దీన్ని నేను పాజ్ పరీక్ష అంటాను, సొంత పేరు, ఏ పుస్తకంలోనూ ఉండదు. ఈ గైడ్ మొత్తానికి ఇదొక్కటి గుర్తుంచుకున్నా చాలు: మనం ముగించగల థీమ్‌లు కొన్ని, ముగించలేనివి కొన్ని. ప్రేమ గురించి ఈ రెండు రకాలూ చెప్పే మాటలు వేరు.

రెండో రాత్రి గెంతు పట్టుకోవడం నేర్చుకుందాం. చాలా లవ్ థీమ్‌లు మొదటి రెండు స్వరాల మధ్యే ఒక పెద్ద గెంతు వేస్తాయి. జాన్ విలియమ్స్‌ని తీసుకోండి. 'స్టార్ వార్స్' (1977) లో ప్రిన్సెస్ లేయా థీమ్, 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' (1980) లో హాన్ సోలో, లేయాల ప్రేమ థీమ్, 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' (1981) లో మారియన్ థీమ్, మూడూ ఒకే దూరం గెంతుతో మొదలవుతాయి. మన లెక్కలో స నుంచి చతుశ్రుతి ధైవతం దాకా ఎంత దూరమో అంత. హార్మోనియం మీదో, ఫోన్‌లో కీబోర్డ్ యాప్ మీదో ఆ రెండు స్వరాలూ నొక్కి చూడండి. దగ్గర దగ్గర మెట్ల మీద నడిచే ట్యూన్ మాట్లాడుతున్నట్టు ఉంటుంది, ఈ గెంతు చెయ్యి చాచినట్టు ఉంటుంది. మూడు థీమ్‌ల మొదటి పది సెకన్లు ఒకదాని వెంట ఒకటి వినండి. మొదలు ఒకటే అయినా గెంతాక ఎవరు ఎలా దిగుతున్నారో చూడండి, తేడా అంతా అక్కడే ఉంది. ఈ రాత్రికి అరగంట సరిపోతుంది.

మూడో అడుగుకి మాత్రం ఒక్క రాత్రి చాలదు, వారం ఇవ్వండి. మనవాళ్లు చాలామంది వదిలేసేది ఇక్కడే, కారణం కూడా ఉంది. మన చెవి ట్యూన్ వెంట పోతుంది. రాగం, గమకం, సంగతి, ఇవన్నీ ఒకే గీత మీద జరిగే పనులు, ఆ గీత కింద తంబూరా ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. తంబూరా ఉన్నంతసేపూ ఇల్లెక్కడో మనకి తెలుసు. ఎంత దూరం తిరిగొచ్చినా స దగ్గర దీపం వెలుగుతూనే ఉంటుంది. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో తంబూరా లేదు. కింది స్వరాలు కూడా కదులుతాయి, అంటే ఇల్లే కదులుతుంది. కంపోజర్ తలుచుకుంటే ఇల్లెక్కడో చాలాసేపు చెప్పకుండా దాచగలడు. పైన ట్యూన్ ఒక్కటే వింటుంటే ఈ దాగుడుమూత తెలియదు, 'ఏంటో వయొలిన్లు పైకీ కిందకీ పోతున్నాయి' అనిపిస్తుంది అంతే.

దీనికి వినాల్సింది 'వెర్టిగో' (1958) లో 'సీన్ దమూర్' అనే ట్రాక్, బెర్నార్డ్ హెర్మన్ రాసింది. (సినిమా చూడని వాళ్లు ఈ పేరా దాటేసి ముందు సినిమా చూడండి, కథ చెప్పేస్తున్నాను.) చనిపోయిందనుకున్న అమ్మాయిని మర్చిపోలేని ఒకడు, ఆమె పోలికలున్న ఇంకో అమ్మాయిని పట్టుకుని అవే బట్టలు వేయించి, జుట్టుకి అదే రంగు వేయించి, అచ్చం ఆమెలా తయారు చేస్తాడు. ఒక్క జడముడి మిగిలింది. అది కూడా వేసుకు రమ్మంటాడు. ఆమె బాత్‌రూమ్‌లోకి వెళ్తుంది, వాడు గదిలో ఎదురుచూస్తాడు, కిటికీ బయట హోటల్ నియాన్ బోర్డు ఆకుపచ్చటి వెలుగు. తలుపు తెరుచుకుంటుంది. మాటలు దాదాపు లేవు. ఇక్కడ నీ సంగీతం, నా కెమెరా ఉంటే చాలు అని హిచ్‌కాక్ హెర్మన్‌తో అన్నాడని చెప్తారు, చూస్తే నిజమే అనిపిస్తుంది.

ట్రాక్‌ని ఇలా వినండి. ఒకసారి పైన ఉన్న వయొలిన్లని మాత్రమే వెంటాడండి. ఇంకోసారి వాటిని వదిలేసి, అన్నింటికన్నా కింద ఏం మోగుతోందో, చెల్లోలు, డబుల్ బేస్‌లు అనే పెద్ద వయొలిన్ల లాంటి వాయిద్యాలు, అది మాత్రమే పట్టుకోండి. మొదట కష్టంగా ఉంటుంది, కళ్లు మూసుకుంటే వస్తుంది. మూడోసారి పాజ్ పరీక్ష. సంగీతం పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఉన్నప్పుడు, ఇంకొక్క మెట్టు అనిపించిన చోట ఠక్కున ఆపండి. ఇప్పుడు మిగతాది పాడండి చూద్దాం. పాడలేరు. ఎటు పోతుందో తెలియదు, కానీ పోవాలని మాత్రం ఒళ్లంతా అడుగుతుంది, తుమ్ము వచ్చి ఆగిపోయినట్టు. లారా థీమ్‌లో ఈ బాధ లేదు. ఇక్కడున్నది అదే. వాడు కోరుకునేది బతికున్న అమ్మాయిని కాదు, లేని అమ్మాయిని, అందుకే ఆ కోరిక తీరే చోటు సంగీతంలోనూ లేదు. పతాకస్థాయికి వచ్చినప్పుడు కూడా ఆనందం కన్నా భయమే ఎక్కువ వేస్తుంది నాకు.

ఈ కిటుకు హెర్మన్ సొంతం కాదు. 1865లో మ్యూనిక్‌లో మొదటిసారి ఆడిన వాగ్నర్ ఒపెరా 'ట్రిస్టన్ అండ్ ఇసోల్డే' మొదట్లోనే కుదురుకోని ఒక స్వరగుచ్ఛం వస్తుంది. అది కుదురుకునేది దాదాపు నాలుగు గంటల తరవాత, ట్రిస్టన్ పోయాక ఇసోల్డే కూడా పోయే చోట. హాలీవుడ్ ప్రేమ సంగీతం చాలావరకు ఆ అప్పు మీదే బతికింది, 'వెర్టిగో' అయితే ఆ అప్పుని దాచుకోను కూడా దాచుకోదు. ఆ ఒపెరా ప్రిల్యూడ్, అంటే తెర లేచే ముందు వాయించే ముక్క, పది నిమిషాల పైచిలుకు ఉంటుంది, ఓపిక ఉంటే ఈ వారంలోనే ఒకసారి వినండి. ఇంకో విచిత్రం, అమెరికాలో వాయిద్యకారుల సమ్మె నడుస్తుండడంతో 'వెర్టిగో' సంగీతాన్ని లండన్‌లోనూ వియన్నాలోనూ రికార్డ్ చేయాల్సి వచ్చింది, హెర్మన్ కాకుండా మ్యూర్ మాథీసన్ కండక్ట్ చేశాడు. తన జీవితంలోకెల్లా గొప్ప ప్రేమ ఘట్టానికి హెర్మన్ కర్ర పట్టుకోలేకపోయాడు.

ఈ రెండు కొసలూ తెలిశాక, వాటి మధ్యలో ఉన్నది వినాలి. అది 'లోరా' (1944). స్పెల్లింగ్ చూసి జివాగో లారాతో కలిపేయకండి, ఇది వేరే అమ్మాయి, ఇరవయ్యేళ్లు పెద్దది. ఒక హత్య కేసులో డిటెక్టివ్ చనిపోయినామె ఇంట్లో కూర్చుని, గోడ మీద ఆమె పటం చూస్తూ చూస్తూ ప్రేమలో పడతాడు. కాబట్టి లోరా మనిషిగా తెర మీద లేనప్పుడు కూడా ఆమె గదిలో ఉన్నట్టు అనిపించాలి. డైరెక్టర్ ఆటో ప్రెమింజర్ అప్పటికే పేరున్న ఒక పాట వాడుకుందామన్నాడు. కంపోజర్ డేవిడ్ రాక్సిన్ వద్దన్నాడు, నువ్వే ఒకటి చేసుకురా, సోమవారం దాకా టైమ్ అన్నారు. శని, ఆదివారాలు ఎంత గింజుకున్నా రాలేదట. వదిలేసి వెళ్లిపోతున్న భార్య రాసిన ఉత్తరాన్ని పియానో మీద పెట్టుకుని కూర్చుంటే ఆదివారం రాత్రి ఆ ట్యూన్ వచ్చిందని ఆయనే జీవితమంతా చెప్పుకున్నాడు. నిజమో, కొంచెం మసాలా ఉందో, ట్యూన్ వింటే మాత్రం నమ్మబుద్ధవుతుంది. ఎందుకంటే అది ఇంట్లో మొదలవదు. వేరే చోటెక్కడో మొదలై, ఇదే ఇల్లేమో అనిపించి, కాదని ఇంకో గుమ్మం తట్టి, చివరి స్వరం దాకా ఇల్లేదో చెప్పదు. పాజ్ పరీక్ష పెడితే మధ్యలో ఓడిపోతారు, చివర్లో గెలుస్తారు.

ఈ సినిమాతో ఇంకో పని చేయండి. ఒక కాగితం పెట్టుకుని ఆ ట్యూన్ వచ్చిన ప్రతిసారీ ఒక గీత గీసి, పక్కన ఎక్కడినుంచి వచ్చిందో రాయండి: గ్రామఫోన్ నుంచా, హోటల్ బ్యాండ్ నుంచా, లేక ఎక్కడినుంచీ కాకుండా ఊరికే గాల్లోంచా. సినిమా గంటన్నర కూడా ఉండదు కాబట్టి ఒక సాయంత్రం సరిపోతుంది. థీమ్‌ని ఆల్బంలో ఒక ట్రాక్‌గా కాకుండా సినిమా అంతటా తిరిగే మనిషిగా చూడడం ఇలా అలవాటవుతుంది. మూడు గంటల 'టైటానిక్' మీద ఈ పని నేర్చుకోవాలని చూస్తే అలసిపోతారు.

టైటానిక్ ఎలాగూ వచ్చింది కాబట్టి, ఇప్పుడు ట్యూన్‌ని ఎవరు మోస్తున్నారో వినడం. అదే ట్యూన్ వాయిద్యం మారితే వేరే మాట చెప్తుంది. 1997లో జేమ్స్ హోర్నర్ ఆ ప్రేమ ట్యూన్‌ని నార్వే గాయని సిసెల్ చేత మాటల్లేకుండా పాడించాడు, దాన్ని మన భాషలో హమ్మింగ్ అంటాం. ఈ విషయంలో తెలుగు చెవికి చాలా లాభం ఉంది, ఎస్. జానకి హమ్మింగులు విని పెరిగినవాళ్లకి మాటలేని గొంతు ఎంత చెప్పగలదో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. అదే కోవలో ఎన్నియో మోరికోనె 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) లో ఎడ్డా డెల్ ఒర్సో గొంతు వినండి, ఆ గొంతు వచ్చేసరికి ఎడారి కూడా ఆడమనిషి జ్ఞాపకంలా అయిపోతుంది. మళ్లీ టైటానిక్‌కి వస్తే, బొమ్మ గీసే సీన్‌లో ఆర్కెస్ట్రా మొత్తాన్ని తీసేసి పియానో ఒక్కటే ఉంచారు, వాయించింది హోర్నరే. అంత పెద్ద ఓడ, అంత పెద్ద బడ్జెట్, అక్కడ పది వేళ్లు. జాన్ విలియమ్స్ 2002లో ఇంకో 'స్టార్ వార్స్' సినిమాకి రాసిన ప్రేమ థీమ్ 'అక్రాస్ ది స్టార్స్' ఓబోతో మొదలవుతుంది. ఓబో అంటే కొంచెం ముక్కుతో పలికినట్టుండే గొట్టం వాయిద్యం, మన నాదస్వరానికి దూరపు చుట్టం, కాకపోతే పెళ్లికి రాని చుట్టం, వస్తే విడిపోతారని ముందే చెప్పేస్తుంది. జాన్ బారీ దగ్గరికి వెళ్తే ('అవుటాఫ్ ఆఫ్రికా', 1985) వయొలిన్లన్నీ కలిసి ఒకే మాట మెల్లగా, చాలా మెల్లగా చెప్తాయి. కొందరికి అది బోర్. నాకూ మూడేళ్ల కిందటి దాకా బోరే.

పెళ్లయ్యాక ప్రేమ సంగతేంటి అంటే 'అప్' (2009) లో 'మ్యారీడ్ లైఫ్' వినండి, చూడండి. మైఖేల్ జియాకినోకి ఆస్కార్ తెచ్చిన సంగీతం అది. నాలుగు నిమిషాల పైన, మాటలు లేకుండా ఒక జంట జీవితం మొత్తం. హుషారైన వాల్ట్జ్‌గా మొదలైన ట్యూన్ వాళ్లతో పాటే వయసు మీద పడి, నెమ్మదించి, ఆఖరికి పియానో మీద తడబడుతూ మిగులుతుంది. ఒకసారి సౌండ్ తీసేసి చూడండి, ఒకసారి బొమ్మ లేకుండా వినండి. ఇది ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చేయకండి, కళ్లెందుకు తడిశాయో చెప్పుకోలేక చావాలి.

ఇప్పటికి మీకు సొంత జాబితా రాయాలనిపిస్తుంది. రాసే ముందు లేబుళ్లు సరిచూసుకోండి, ఈ ఊళ్లో తప్పుడు బోర్డులు చాలా ఉన్నాయి. 'గాన్ విత్ ది విండ్' (1939) లో మాక్స్ స్టైనర్ రాసిన అతి ప్రసిద్ధమైన ట్యూన్ ఏ మగవాడి కోసమూ కాదు, తారా అనే ఆ ఇంటి కోసం, ఆ భూమి కోసం. పొలం మీద ప్రేమ అంటే మనకి బాగా అర్థమవుతుంది కాబట్టి జాబితాలో ఉంచుకున్నా తప్పు లేదు, కాకపోతే తెలిసి ఉంచుకోండి. 'కాసాబ్లాంకా' (1942) లో అందరూ గుర్తుంచుకునే ట్యూన్ స్టైనర్‌ది కాదు, 1931 నాటి హెర్మన్ హప్‌ఫెల్డ్ పాట. దాన్ని తీసేసి తన పాట పెట్టాలని స్టైనర్ చూశాడు కానీ, హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అప్పటికే తరవాతి సినిమా కోసం జుట్టు కత్తిరించేసుకుంది, మళ్లీ షూట్ చేయడం కుదరలేదు. చచ్చినట్టు అదే ట్యూన్‌ని ఆర్కెస్ట్రాలో అల్లాడు, ఎంత బాగా అల్లాడో వినండి. 'గాడ్‌ఫాదర్' (1972) ప్రేమ థీమ్‌ని నీనో రోటా 1958 నాటి తన ఇటాలియన్ సినిమా నుంచే తెచ్చుకున్నాడని తెలిసి ఆస్కార్ నామినేషన్ వెనక్కి తీసుకున్నారు, రెండో భాగానికి మాత్రం ఇచ్చారు. 'సినిమా పారడీసో' (1988) సంగీతం మోరికోనెదే అయినా అందులో లవ్ థీమ్ రాసింది ఆయన కొడుకు ఆండ్రియా. 'ఇన్ ది మూడ్ ఫర్ లవ్' (2000) లో మెట్ల మీద, నూడుల్స్ క్యాన్ పట్టుకుని నడిచే ఆమె వెనక వచ్చే వాల్ట్జ్, షిగెరు ఉమెబయాషి ఇంకో జపాన్ సినిమా కోసం రాసుకున్నది.

రికార్డింగ్ వెతికేటప్పుడు కూడా జాగ్రత్త. ఒకప్పుడు ఒక షాపులో 'హాలీవుడ్ లవ్ థీమ్స్' అని సీడీ కొని ఇంటికి తెచ్చి పెడితే, మొత్తం ఒకే కీబోర్డ్ మీద వాయించి వెనక డ్రమ్ మెషీన్ వేసినవి, లారా థీమ్ అయితే లిఫ్ట్‌లో పాటలా ఉంది. ఇప్పుడు యాప్‌లలో అవే వేల సంఖ్యలో ఉన్నాయి. సినిమా పేరుతో కాకుండా కంపోజర్ పేరుతో వెతకండి, 'ఒరిజినల్ మోషన్ పిక్చర్ స్కోర్' అని ఉందో లేదో చూడండి. ఇంకో చిక్కు, అసలు ఆల్బంలో ఉన్నది కూడా ఒక్కోసారి సినిమాలో వినిపించిన ముక్క కాదు, కచేరీ కోసం, ఆల్బం కోసం మొదలూ చివరా అతికి కట్టిన రూపం. పాజ్ పరీక్షకి కచేరీ రూపం మోసం చేస్తుంది, ఎందుకంటే దానికి ఎలాగోలా ఒక ముగింపు కుట్టేస్తారు. సినిమాలో ఆ ట్యూన్ సగంలో తలుపు చప్పుడుకి తెగిపోయి ఉండొచ్చు, ఆ తెగడమే అక్కడి అర్థం కావొచ్చు.

తరవాత మన ఇంటికి రండి. ఇన్ని రాత్రుల తరవాత 'గీతాంజలి' (1989) పెట్టుకుని, పాటలు కాకుండా ఇళయరాజా రీరికార్డింగ్ మాత్రమే వినండి, ఇప్పటి మాటలో బీజీఎం. చావు దగ్గర పడిన ఇద్దరి ప్రేమ అది, ట్యూన్‌ని ఎక్కడ ఇస్తున్నాడో, ఎక్కడ ఇవ్వకుండా ఆపుతున్నాడో కాగితం మీద గీతలు గీయండి, లోరాకి చేసినట్టే. పాటల్లో తెలిసిన వయొలిన్లే ఇప్పుడు వేరేగా వినిపిస్తాయి. వీలైతే ఒక్కసారైనా నిజం ఆర్కెస్ట్రాని ఎదురుగా వినండి. హైదరాబాద్ నుంచి ముంబై ఒక్క రాత్రి ప్రయాణం, అక్కడ ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. సినిమా సంగీతమే వాయిస్తారని కాదు, చైకోవ్‌స్కీ వాయించినా మన పనికి సరిపోతుంది. లండన్ వైపు ఉండే మనవాళ్లకైతే రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో తెర మీద సినిమా వేసి కింద ఆర్కెస్ట్రా వాయించే కచేరీలు జరుగుతుంటాయి. టికెట్ తక్కువ కాదు.

జాబితాకి నా నియమం ఒకటే, పది దాటకూడదు. పదకొండోది రావాలంటే ఒకటి పోవాలి. ప్రతి పేరు పక్కన 'తీరింది' అనో 'తీరలేదు' అనో రాసుకోండి, ఆరు నెలలకోసారి మళ్లీ పరీక్ష పెట్టండి, కొన్ని అటు నుంచి ఇటు మారతాయి. నా దగ్గర లారా ఇంకా ఉంది, 'సీన్ దమూర్' ఉంది, ఏడో నెంబరు ఎప్పుడూ మారుతూ ఉంటుంది, ప్రస్తుతం అక్కడ ఉన్నది 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా' (1984) లోని డెబొరా థీమ్. దాన్ని ఉంచాలా తీసేయాలా అని ఇంట్లో గొడవ కూడా అయింది, ఎందుకంటే ఆ సినిమాలో హీరో డెబొరాకి చేసిన పని ప్రేమ కాదు, క్షమించేదీ కాదు. ట్యూన్‌కి పేరు ఆమెది, జ్ఞాపకం వాడిది. ఆ సినిమాకి మోరికోనె సంగీతం ముందే రాసి ఇస్తే డైరెక్టర్ సెర్జియో లియోనె సెట్‌లో దాన్ని మోగిస్తూ నటుల చేత చేయించాడు.

ఈ ట్యూన్‌కి మీరు పాజ్ పరీక్ష పెట్టక్కర్లేదు. రెండు మూడు స్వరాలు రాగానే ఆగిపోతుంది. ఏమీ ఉండదు. ఫోన్ ఆగిందేమో అని మొదటిసారి నేను స్క్రీన్ చూసుకున్నాను. ఆ ఖాళీలో మీరు ఏ స్వరం అనుకున్నారో గుర్తు పెట్టుకుని, తరవాత మోరికోనె ఏది పెట్టాడో చూడండి.